పెంకుల దిబ్బ ఖాళీ కాదు

ఆశ్వయుజ బహుళ సప్తమి. తూర్పు గాలి. పోటు మామూలు.

ఈ దినచర్య పుస్తకంలో గాలి, పోటు, చేపల సంగతి తప్ప మరేమీ రాయకూడదని కోర్లయ్య కట్టడి. కోర్లయ్య నా మరిది, ఈ దిబ్బకు పెద్ద. ఈ నెల రాసే వంతు నాది. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. అయినా తూర్పు గాలి అని రాసి ఊరుకునేంత చల్లటి మనిషిని కాను. ఇవాళ ఒళ్లు మండిపోతోంది. అదే రాస్తాను. ఇష్టం లేనివాళ్లు చదవడం మానుకోవచ్చు.

పొద్దున్న మంచువలలు పిండుతున్నాం. గాలికి కట్టి ఉంచిన వలలకు పట్టిన తేమను తొట్టెలోకి పిండుకుంటేనే మాకు తాగునీళ్లు. వల ఎక్కడ చిరిగిందోనని నేను పోగుపోగూ తడిమి చూస్తుంటే, తెల్లటి పడవొకటి ఒడ్డెక్కింది. అందులోంచి దిగినావిడ మమ్మల్ని చూసి, దయ్యాల్ని చూసినట్టు ఆగిపోయింది.

"మీరెవరు?" అంది.

"బాగుందమ్మా! మా గుమ్మంలోకొచ్చి మమ్మల్నే ఎవులంతావేటి?" అంది పోలమ్మ. పోలమ్మది మా పక్క గది. దాని నోటికి తలుపు లేదు.

ఆవిడ పేరు హైమవతి. జువ్వల బోర్డు నుంచి వచ్చింది. సరుకుల్నీ మనుషుల్నీ ఆకాశానికి మోసుకుపోయే రాకెట్లను మేం జువ్వలనే అంటాం. ఆవిడ చేతిలో ఒక వెలుగుపలక ఉంది. దాని మీద మా దిబ్బ, దిబ్బ మీద మా పొడుగిల్లు, ఇంటి మీద ఏవో అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. "పాడుబడిన కట్టడం" అని ఉంది.

నిన్ననే అలికిన ఇల్లు అది.

"జువ్వలు ఎగరేయడానికి ఇంతకంటే మంచి చోటు ఈ తీరంలో లేదమ్మా," అంది హైమవతి, ఎంతో మర్యాదగా. "దక్షిణాన ఉన్న రేవులన్నీ మునిగిపోయాయి. భూమి తూర్పుకు తిరుగుతుంది కదా. పడవ పోతున్న వైపే వల విసిరితే దూరం పడుతుంది చూడండి, అలాగే జువ్వను తూర్పుకు వదిలితే భూమి కూడా కాస్త తోస్తుంది. భూమి నడుముకు దగ్గరవుతున్నకొద్దీ ఆ తోపు ఎక్కువ. మిగిలినవాటిలో మీ దిబ్బే దగ్గర. తూర్పున అంతా నీళ్లే, జువ్వ పాడై కూలినా ఎవరి నెత్తినా పడదు. పైగా ఇక్కడ మనుషులు లేరు."

"నాను మనిషిని కానేటి?" అన్నాను.

ఆవిడ పలక వైపు చూసింది, నా వైపు చూసింది. రెంటిలో దేన్ని నమ్మాలో తెలియనట్టు నిలబడింది. ఆ చూపు నాకు గుచ్చుకుంది.

ఆశ్వయుజ బహుళ అష్టమి. గాలి లేదు. చేప తక్కువ.

తెల్లవార్లూ ఆలోచించాను. ఒక మంచి చోటుకు ఆవిడ చెప్పిన గుణాలు మూడు. భూమి నడుముకు దగ్గర, తూర్పున నీళ్లు, మనుషులు లేకపోవడం. మొదటి రెండూ దేవుడు ఇచ్చినవి. మూడోది మేమే చేతులారా ఇచ్చాం.

మా ఆయన ఎర్రయ్య మొన్న మాఘంలో పోయాడు. పోయిన వేళ ధనిష్ఠ. ఆ నక్షత్రంలో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు పాడు పెట్టాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు, గడప తొక్కకూడదు. ఇది ఇవాళ పుట్టిన మాట కాదు. ఎవరి ఇల్లు వాళ్లకున్న కాలంలో ఆ ఒక్క ఇంటివాళ్లు చుట్టాల దగ్గర తలదాచుకునేవారు, మిగతా ఊరు మామూలుగా ఉండేది. ఇప్పుడు తుఫాన్లకు విడి ఇళ్లు నిలవక, బోర్లించిన పడవలాంటి ఒక్క కప్పు కింద అన్ని కుటుంబాలమూ ఉంటున్నాం. మరి పాడు పెట్టాల్సింది మా గదినా, ఇల్లంతటినా? కోర్లయ్య పంచాంగం ముందు పెట్టుకుని, కప్పు ఒకటైతే ఇల్లు ఒకటేనని తేల్చాడు. అందరం పడవలెక్కి ఏటి మొగలో మడచెట్ల కిందికి పోయాం. శ్రావణంలో తిరిగొచ్చాం.

ఆకాశంలో తిరిగే బోర్డువారి కన్ను, హైమవతి చెప్పిన లెక్కన, సరిగ్గా ఆ నెలల్లోనే దిబ్బను చూసింది. పొయ్యి వేడి లేదు, దీపం లేదు, ఆరేసిన చీర లేదు. చెట్ల కింద దోమలు కుట్టించుకుంటున్న మేం దానికి కనిపించలేదు.

ఈ సంగతి బయటపడగానే పోలమ్మ నా మీద పడింది.

"నీ మొగుడు మంచి నచ్చత్రం సూసుకుని పోయుంటే మనకీ గతి పట్టునేటి?"

"నీ మొగుడింకా బతికే ఉన్నాడు గదే. ఆడికి మంచి రోజు నువ్వే సూసి పెట్టు," అన్నాను.

రెండు గదుల అవతల మంచం మీంచి తవిటమ్మ వదిన నవ్వు వినిపించింది. ఆవిడ మా ఆయనకూ కోర్లయ్యకూ అక్క. తల్లి పోతే ఇద్దరినీ తనే పెంచింది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి నన్ను సాధించింది. నా చేపల పులుసు నోట్లో పెట్టుకున్నప్పుడల్లా మొహం అదోలా పెట్టేది. ఇప్పుడు మంచం పట్టింది, ఆ నోరు మాత్రం పట్టలేదు.

ఆశ్వయుజ అమావాస్య. ఈశాన్యపు గాలి. పోటు ఎక్కువ.

దీపావళి. పిల్లలు జువ్వలు కాలుస్తామంటే, ఆ మాట ఇంట్లో ఎత్తొద్దని కసిరాను. పాపం, వాళ్లేం చేశారు. కసిరాక బాధేసింది. అయినా కాల్చనివ్వలేదు.

హైమవతి మళ్లీ వచ్చింది. కోర్లయ్య కొబ్బరినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. నేనైతే నిలబెట్టే మాట్లాడేదాన్ని.

"మీరున్నారని నేను రాసి పంపించాను," అంది. "అది చెల్లదన్నారు. మనుషుల మాట మీద చోటు ఎంచితే ఊరూరా అబద్ధాలు, లంచాలు అని, ఆ పని మొత్తం కంటికే అప్పగించారు. కన్ను చూసిందే లెక్క. కాకపోతే ఇంకొక్కసారి చూస్తుంది. కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి ఒక వారం. ఆ వారం ఇక్కడ పొయ్యిలు వెలుగుతూ కనిపించాలి. ఒకటీ అరా చాలవు. దారినపోయే జాలర్లు వండుకుంటున్నారని అనుకుంటుంది. ఇల్లంతా కాపురమున్నట్టు కనిపించాలి."

"కనబడకపోతే?" అన్నాడు కోర్లయ్య.

"పుష్యంలో పని మొదలవుతుంది. మిమ్మల్ని మెట్ట మీది శిబిరాలకు తీసుకెళ్తారు."

ఆ శిబిరాలు నాకు తెలుసు. మా చెల్లెలి ఊరివాళ్లను అక్కడికే తోలారు. రేకుల గదుల్లో, సముద్రం వాసన కూడా రాని చోట, మొగాళ్లు గోడలకు ఆనుకుని కూర్చుంటారు. వాళ్ల చేతులకు పనిలేదు. మా చెల్లెలు అక్కడే పోయింది. రోగం పేరు ఏదో చెప్పారు. నేను నమ్మలేదు.

ఆవిడ వెళ్లాక అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. పొయ్యిలు వెలిగించడమే కదా అన్నారు. నాచు పిడకలు తడిస్తే ఏం చేస్తామని నాకు బెంగ. తుఫాను వస్తే? కన్నుకు మబ్బు అడ్డం వస్తే? అడిగినవన్నీ అడిగాను. "నీ నోట్లోంచి మంచి మాటే రాదేటొదినా," అన్నాడు కోర్లయ్య.

కార్తీక శుద్ధ చవితి. గాలి మారుతోంది.

వదినకు ఊపిరి ఆడటం లేదు. గంజి రెండు గుక్కలు తాగి చాలంది. మొహం అదోలా పెట్టలేదు. అప్పుడు భయమేసింది నాకు.

కోర్లయ్య పంచాంగం తెచ్చి ఆవిడ మంచం పక్కనే కూర్చున్నాడు. వేలితో వరసలు దిగుతూ వచ్చి, ఒకచోట వేలు ఆగిపోయింది. అష్టమికి ధనిష్ఠ వస్తుంది. అక్కడి నుంచి ద్వాదశి దాకా చెడ్డ నక్షత్రాలే. ఆ మధ్యలో ఇంట్లో ప్రాణం పోతే మళ్లీ ఇల్లు పాడు. ఏకాదశికి కన్ను చూస్తుంది.

"అష్టమి లోపల పోయినా మంచిదే, ద్వాదశి దాటినా మంచిదే," అన్నాడు మెల్లగా, వదిన నిద్రపోతోందనుకుని.

"ఒరే కోర్లా," అంది వదిన కళ్లు మూసుకునే. "నాను సచ్చీది నాకు తోసినప్పుడు సస్తాను. నీ పుస్తకానికి సెప్పు."

కార్తీక శుద్ధ సప్తమి. ఈదురుగాలి. పడవలు పైకి లాగారు.

ఇవాళ జరిగింది కోపంతో రాస్తున్నాను. భయంతో కాదు.

మధ్యాహ్నం నేను పిడకలు లోపలికి చేరుస్తుంటే, కోర్లయ్య, పోలమ్మ మొగుడు, ఇంకో ఇద్దరు వదిన మంచం దగ్గర చేరారు. మంచం నాలుగు కోళ్లకూ తలా ఒక చెయ్యి వేశారు.

"ఏటిది?" అన్నాను.

కోర్లయ్య నా మొహం చూడలేదు. "అప్పని ఒడ్డున పాకలోకి మారుత్తన్నాం. ద్వాదశి దాకానే. ప్రాణం ఇంట్లో పోతేనే ఇల్లు పాడు. బయట పోతే ఇంటికేటీ కాదు. పెద్దోలు సేసీవోరే ఇది."

అది నిజమే. నక్షత్రం బాగోలేదని కొనఊపిరితో ఉన్నవాళ్లను వాకిట్లోకి మార్చడం నా చిన్నప్పుడు చూశాను. అప్పుడు అది తప్పని నాకు తోచలేదు. కానీ వాకిట్లో అంటే పక్కన మనుషులుండేవారు, చూరు ఉండేది. ఇక్కడ వాకిలి లేదు. ఒడ్డున ఉన్నది వలలు దాచుకునే పాక. తుఫాను గాలికి దాని ఒక పక్క ఎప్పుడో ఎగిరిపోయింది.

"ఈ గాలిలోనా? ఒంటరిగానా?"

"నానుంటానులే తోడు."

"నువ్వెందుకుంటావు! నువ్వు ఏకాదశికి పొయ్యి వెలిగించాల గదా! ఆ కన్నుకి కనబడాల గదా!"

పోలమ్మ అందుకుంది. "ఒక్క ముసల్దానికోసం ఇంతమందిని శిబిరాల పాలు సేస్తావేటే అసిరీ? ఆ ముసల్ది నిన్ను సాధించింది సాలదా?"

"నన్ను సాధించింది. నిన్ను కాదు గదా. నాకు లేని కోపం నీకెందుకే!"

మంచం లేచింది. నేను గడప మీద అడ్డంగా కూర్చున్నాను. నా మీదుగా దాటి పొమ్మన్నాను. దాటలేదు. మంచం గాలిలో అలాగే ఉండగా వదిన కళ్లు తెరిచి నలుగురినీ చూసింది.

"అటో ఇటో దింపండర్రా, నడుం పట్టేస్తంది. అసిరీ, లేవే గడప మీంచి. నాను బయటకెల్తాను. నా మూలంగా ఎవులికీ కొంప పోవద్దు."

"నోర్ముయ్యొదినా," అన్నాను.

పెళ్లయ్యాక ఆవిడతో అలా మాట్లాడటం అదే మొదలు. అందరూ మొహాలు చూసుకున్నారు. కోర్లయ్య మంచం దింపాడు. ఆవిడ నావైపు చూసి, "పిడకలు తడుత్తన్నాయి, సూసుకో," అంది.

నా భయం కూడా రాయాలి. ఆ నక్షత్రమంటే నాకు నమ్మకం లేక కాదు. మాఘంలో అందరికంటే ముందు మూట కట్టింది నేనే. పాడు పెట్టకపోతే ఏడాది తిరక్కుండా ఇంకో చావు వస్తుందంటారు. పోలమ్మ కోడలు నిండు చూలాలు. ఏమైనా జరిగితే నా పేరే చెబుతారు. ఇవన్నీ ఆలోచించాను. అయినా గడప మీంచి లేవలేదు.

కార్తీక శుద్ధ దశమి. గాలి తగ్గింది. వాన.

తవిటమ్మ వదిన మధ్యాహ్నం పోయింది. తన మంచం మీదే, తన గదిలోనే, నా చేతిలో చెయ్యి పెట్టి. చివరి మాటంటూ గొప్పదేం చెప్పలేదు. దాహమంది. ఇచ్చాను.

కోర్లయ్య బిగ్గరగా ఏడ్చాడు. ఏడుస్తూనే వెనక గోడ పలకలు విప్పించి, శవాన్ని గుమ్మం గుండా కాకుండా ఆ కన్నం గుండా బయటికి తీయించాడు. ఇసుకలో కప్పెట్టాం. వాన వెలవకముందే అందరూ మూటలతో పడవల దగ్గరికి చేరారు. ఒక్కరూ ఇంటి వైపు తిరిగి చూడలేదు. ఏకాదశి రేపే అన్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు.

"పదొదినా," అన్నాడు కోర్లయ్య.

"ఎక్కడికి? మడచెట్ల కిందికా? కన్నుకి కనబడకుండా దాక్కోడానికా?"

"నచ్చత్రం నానెట్టినానేటి? మన రాత అలా ఉంది. ఇంట్లో ఉండి ఇంకో చావు తెచ్చుకుంటామా?"

"శిబిరంలో రానిదేటి ఆ చావు? నా సెల్లికి ఏ నచ్చత్రం పట్టిందిరా అక్కడ?"

అతను తల దించుకుని పడవెక్కాడు. పోటు ఇంకా దిగలేదు. దిగేసరికి చీకటి పడుతుందని, తెల్లారాక బయల్దేరదామని అక్కడే పడవల్లో కూర్చున్నారు. నేను ఇంటికి వచ్చేశాను.

కార్తీక శుద్ధ ఏకాదశి. ఎండ. చేప సంగతి తెలియదు.

రాత్రి నిద్రపోలేదు. గోడ పలక కిర్రుమంటే ఉలిక్కిపడ్డాను. వదిన దగ్గిందేమోనని రెండుసార్లు లేచి ఆ గదిలోకి చూశాను. భయపడీ భయపడీ తెల్లారేసరికి భయం అయిపోయి కోపమొక్కటే మిగిలింది.

నా పొయ్యి వెలిగించాను. చావింట్లో పొయ్యి. వెలుగుతుందా అనుకున్నాను. వెలిగింది. పిడకకు తెలుస్తుందా ఏ నక్షత్రమో.

ఒక్క పొయ్యి చాలదని హైమవతి చెప్పింది కదా. పక్క గదిలోకి వెళ్లి పోలమ్మ పొయ్యి వెలిగించాను. దాని బానలోంచి బియ్యం తీసి, దాని కుండలోనే ఎసరు పెట్టాను. ఉట్టి మీద దాచుకున్న ఎండురొయ్యలు కనిపిస్తే అవీ వేశాను. అక్కడి నుంచి ఆ పక్క గదికి. మోకాళ్లు సలుపుతుంటే గోడలు పట్టుకుని నడిచాను. ఇంటి పొడుగూతా ఒక్కో పొయ్యిలో నిప్పు పెట్టుకుంటూ పోయాను. కప్పు సందుల్లోంచి పొగ లేచింది. ఉతికిన చీరలు, ఉతకని చీరలు, ఎవరి చీర దొరికితే అది తీసుకెళ్లి బయట ఇసుక మీద పరిచాను. పడవల్లోవాళ్లు నిలబడి చూస్తున్నారు.

ముందుగా వచ్చింది పోలమ్మ. పరుగున వచ్చి గడప దగ్గర ఆగింది.

"ఏటే! నా పొయ్యి ముట్టుకున్నావేటే!"

"ముట్టుకున్నాను. నీ రొయ్యలు కూడా వండినాను. అడుగంటినట్టుంది."

"అయి నా కోడలికి దాసినాను గదే!"

"అయితే వచ్చి గరిట తిప్పు. బయట నిలబడి అరిస్తే అడుగు ఊడొస్తదేటి?"

అది గడప వైపు చూసింది, పొగ వైపు చూసింది. మాడు వాసన ముక్కుకు తగిలింది. తిట్టుకుంటూ లోపలికి దూకింది. తిట్లు నక్షత్రాన్నో నన్నో తెలియలేదు. దాని వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. నా చీర తడి ఇసుకలో పరిచిందని ఒకామె, నా అత్త కాలంనాటి కుండ పొయ్యి మీదికెక్కించిందని ఇంకొకామె. ఇంకొకరి చేతి వంట తన కుండలో ఉడుకుతుంటే ఏ ఆడదైనా పడవలో కూర్చుని ఉంటుందా? మధ్యాహ్నానికి ఇల్లంతా పోట్లాట. అంత పోట్లాట ఈ ఇంట్లో ఎన్నడూ వినలేదు. పోలమ్మ కోడలు పొట్ట పట్టుకుని వచ్చి, అత్త పక్కన కూర్చుని మాడిన రొయ్యలే తింది. నేను ఆ పిల్ల వైపు సూటిగా చూడలేకపోయాను. కాన్పు అయ్యేదాకా నాకు నిద్ర ఉండదు.

అందరికంటే ఆఖరున కోర్లయ్య వచ్చాడు. గడప బయట ఇసుకలో కూర్చున్నాడు.

"లోపలికి రాలేనొదినా."

"నీ అప్పని బయటెట్టమన్నావు. నాను ఎట్టనివ్వనేదు. ఇప్పుడు నువ్వే బయటున్నావు."

అతను చెయ్యి చాచి, "గంజి ఉందేటి?" అన్నాడు. వదిన పొయ్యి మీద కాచిన గంజే ముంతలో పోసి గడప మీద పెట్టాను. బయటికి అందించలేదు. కావాలంటే అడుగు లోపల వేసి తీసుకోవాలి. ఆ ముంత వైపు చూస్తూ గంజి చల్లారేదాకా కూర్చున్నాడు. తర్వాత లేచి, కళ్లు గట్టిగా మూసుకుని, లోపలికి వచ్చి తాగాడు.

కార్తీక బహుళ చవితి. ఉత్తరపు గాలి. చేప బాగా పడింది.

హైమవతి వచ్చింది. ఈసారి పలక మీద మా ఇంటి చోట ఎర్రటి చుక్కలు బారుగా ఉన్నాయి. పాడుబడిన కట్టడం అన్న మాట పోయింది. మా దిబ్బ పేరు కొట్టేశారట. అందరూ ఆవిడ చేతులు పట్టుకున్నారు. పోలమ్మ ఎండుచేపలు మూట కట్టి ఇచ్చింది.

"మరి జువ్వలెక్కడ ఎగరేస్తారు?" అన్నాను.

"రెండో చోటు చూసి పెట్టారమ్మా. మీకు ఉత్తరాన, పాత దీపస్తంభం దాటాక ఒక తిప్ప ఉంది. భూమి నడుముకు ఇంత దగ్గర కాదు గానీ, తూర్పున నీళ్లే. మనుషులు లేరు."

"ఎవులు సెప్పినారు నేరని?"

ఆవిడ పలక చూడబోయి, ఆగి, పలకను దించేసింది. "కన్ను," అంది చిన్నగా.

"పొయ్యి వేడి కనబడనేదా?"

"వేసవి నుంచి లేదు."

ఆ మాటతో నాకు మళ్లీ మొదలైంది. వేసవి నుంచి పొయ్యి ఎందుకు చల్లారింది? ఎవరు పోయారు? ఏ చెట్టు కింద, ఏ ఏటి మొగలో కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటున్నారు? నా మనసు ఊరుకోదు. ఊరుకోకపోవడమే దానికి వచ్చిన పని.

"కోర్లా, పడవ తియ్యి."

"ఎక్కడికి?"

"ఆ తిప్ప మీదకి."

"మనకేటొదినా ఆలతో? మన దిబ్బ దక్కింది గదా. ఎల్లీసరికి అక్కడ ఎవులూ నేకపోతే?"

"నేకపోతే మన కల్లతోనే సూసొద్దాం. ఉంటే, మనలాగ ఏకాదశి దాకా ఆగకుండా ఇప్పుడే పొయ్యి వెలిగించమందాం. ఆలకి సెప్పీవోలు ఎవులున్నారు?"

అతను గొణుక్కుంటూ తాడు విప్పాడు. హైమవతి తన తెల్ల పడవ వదిలేసి మా పడవెక్కింది. నేను పిడకల తట్ట నెత్తిన పెట్టుకుని నీళ్లలోకి దిగాను.